కుందేళ్ళు, నక్కలు, నా మొదటి రైఫిలు

2024 వేసవిలో ఒక ఆదివారం అమ్మతో వీడియో కాల్ మాట్లాడుతుంటే నా వెనక గోడకి బిగించిన ఉక్కు బీరువా ఆవిడ కంట్లో పడింది. "అదేంట్రా, కొత్త బీరువానా? బంగారమేమన్నా కొన్నారా?" అంది. సన్నగా, పొడుగ్గా, నిలబెట్టిన శవపేటికలా ఉండే దాంట్లో ఎవరు బంగారం పెడతారో నాకు తెలీదు గానీ, అప్పటికప్పుడు అబద్ధం తట్టక "తుపాకీ కోసమమ్మా" అనేశాను. ఫోను నాన్న చేతికి మారింది. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఉద్యోగం పోయిందా?" అని అడిగారు.

పోలేదు. పగలంతా రెడింగ్ లో ఒక ఆఫీసులో కూర్చుని ఎప్పటిలాగే జావా రాస్తున్నాను. 2018 లో ఎమ్మెస్సీకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన బాపతు. ఈ తుపాకీ గొడవంతా మా టీమ్ లో టెస్టరు వల్ల మొదలైంది. వాళ్ళ నాన్నకి లాంబోర్న్ దగ్గర మూడొందల ఎకరాల పొలం ఉంది. కొంత బార్లీ, కొంత గొర్రెలు. లాంబోర్న్ అంటే పందెపు గుర్రాలకి పేరున్న చోటు. చుట్టూ సుద్దనేల గుట్టలు, వాటి మీద గుర్రాలని పరిగెత్తించే పచ్చిక బాటలు. ఆ పచ్చికలో కుందేలు ఒక బొరియ తవ్విందనుకోండి, వేగంగా వచ్చే గుర్రం కాలు అందులో పడితే గుర్రమూ పోతుంది, ఒక్కోసారి పైనున్న మనిషీ పోతాడు. బార్లీ చేను అంచు వెంబడి పది పదిహేను గజాల మేర గుండు కొట్టించినట్టు తినేయడం దీనికి అదనం.

కుందేలుని చంపడమేమిటి పాపం, అని మీలో సగంమంది ఈపాటికి అనుకునే ఉంటారు. నేనూ అనుకున్నాను. కానీ ఇక్కడ 1954 నాటి పెస్ట్స్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. దాని కింద ఇంగ్లండ్ దాదాపు మొత్తాన్ని కుందేళ్ళని తొలగించాల్సిన ప్రాంతంగా ప్రకటించారు. అంటే తన భూమిలో ఉన్న కుందేళ్ళని అదుపు చెయ్యడం, కనీసం కంచె కట్టి పక్కవాడి పంట పాడవకుండా చూడటం, రైతుకి ఇష్టమైతే చేసే పని కాదు, బాధ్యత. 1953 లో మిక్సోమటోసిస్ వచ్చి కుందేళ్ళని ఊడ్చిపెట్టేసింది. తర్వాత కోలుకున్నాయి, మళ్ళీ ఇంకో రోగం వచ్చింది. దేశం మొత్తం మీద చూస్తే బాగా తగ్గాయంటారు. అయితే ఆ మాట పెద్దాయన పొలంలో ఉన్న కుందేళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. నెలరోజులకో కాన్పు, కాన్పుకి నాలుగైదు పిల్లలు.

(ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది చదివి పొలాల మీద పడకండి. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అక్కడి చెవులపిల్లి జోలికి వెళ్తే జైలుకే.)

పెద్దాయనకి డెబ్భై దాటాయి. చూపు తగ్గుతోంది. మొదట్లో నేను ఊరికే గాలి మార్పుకి వెళ్ళేవాణ్ణి. తర్వాత రాత్రుళ్ళు ఆయన పక్కన నడుస్తూ లైటు పట్టుకోవడం మొదలెట్టాను. ఆ తర్వాత ఆయనే పక్కనుండి తన రైఫిలు నా చేతికిచ్చారు. సర్టిఫికెట్ ఉన్న యజమాని పక్కన ఉంటే ఆయన పొలంలో ఆయన రైఫిలు మనం వాడొచ్చు, ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అలా రెండు చలికాలాలు గడిచాక ఒకరోజు "నాకిక స్కోప్ లో గడ్డీ కుందేలూ ఒకటిలాగే కనపడుతున్నాయి, నువ్వే ఒకటి కొనుక్కో" అన్నారు.

కొనుక్కో అన్నంత తేలికా? పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. అది అయిదేళ్ళకి. ఇద్దరు మనల్ని ఎరిగినవాళ్ళు హామీ రాయాలి, మన డాక్టరు మన మతిస్థిమితం గురించి రాయాలి, బీరువా గోడకి బోల్టులతో బిగించాలి, తూటాలు వేరే తాళంలో పెట్టాలి. అద్దె ఇంటి గోడకి కన్నాలు పెట్టడానికి ఇంటి ఓనరుకి ఏమని ఈమెయిల్ రాయాలా అని నేను పడ్డ అవస్థ హెచ్‌వన్‌బీ వాళ్ళు కూడా పడి ఉండరు. ఆ ఫీజుని 2025 లో 198 పౌండ్లు చేశారు, అంతకుముందు 88 ఉండేది. నేను ముందే కట్టి బతికిపోయాను. ఇవన్నీ అయ్యాక ఒక ఎంక్వయిరీ ఆఫీసరు ఇంటికొచ్చి, టీ తాగుతూ, ఏ తుపాకీ కావాలి, ఎందుక్కావాలి, ఎక్కడ కాలుస్తావు అని అడుగుతాడు. "తుపాకీ అంటే ఇష్టం" అన్నది ఇక్కడ జవాబు కాదు. ఏ క్యాలిబరు, ఏ జంతువు, ఏ పొలం... మూడింటికీ లంకె కుదరాలి. ప్రతి రైఫిలుకీ సర్టిఫికెట్ మీద విడిగా ఒక గడి. కొని చూసి నచ్చకపోతే మార్చుకుందాం అనే బేరం లేదు.

కాబట్టి ముందే ఆలోచించాలి. ఆలోచించడం అంటే మనవాళ్ళకి తెలిసింది ఒక్కటే కదా, ఎక్సెల్ షీటు. పద్నాలుగు కాలమ్స్ పెట్టాను :)

షీటు సంగతి చెప్పేముందు రిమ్ ఫైర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. తూటా అడుగున అంచు ఉంటుంది, ఆ అంచు లోపల చుట్టూ నిప్పంటించే మందు ఉంటుంది. పిన్ను వచ్చి అంచుని నలిపితే పేలుతుంది. నలగాలంటే ఇత్తడి పల్చగా ఉండాలి, పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేదు. శక్తి తక్కువ, చప్పుడు తక్కువ, ధరా తక్కువ. మందుని అడుగున మధ్యలో విడిగా అమర్చేవి సెంటర్ ఫైర్. వాటి శక్తికీ వీటి శక్తికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

రిమ్ ఫైర్ లో ముఖ్యంగా మూడు రకాలు. 1887 నుంచి ఉన్న .22 ఎల్ఆర్. 1959 లో వచ్చిన .22 మాగ్నమ్. 2002 లో ఆ మాగ్నమ్ మెడని నొక్కి సన్నం చేసి తీసుకొచ్చిన .17 హెచ్ఎమ్ఆర్. ఇంటర్లో చదివిన అర ఎమ్ వీ స్క్వేర్ వేసి చూడండి. .22 సబ్ సోనిక్ తూటా 2.6 గ్రాములు, సెకనుకి 320 మీటర్లు, 133 జౌళ్ళు. .17 తూటా 1.1 గ్రామే, కానీ 777 మీటర్లు, 330 జౌళ్ళ పైమాటే. మాగ్నమ్ 430 దాకా వెళ్తుంది. .22 ని యాభై గజాలకి సరిచేసి పెడితే వంద గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందకి జారిపోతుంది. .17 ని వంద గజాలకి సరిచేస్తే నూట యాభై దగ్గర జారేది రెండు మూడు అంగుళాలే. కుందేలు తలలో మనం కొట్టాల్సిన చోటు రూపాయి బిళ్ళంత. ఆ లెక్కన షీటు ఏం చెప్పి ఉంటుందో మీకు తెలిసిపోయి ఉంటుంది. .17 కొనుక్కో, కుందేలుకీ అదే, దగ్గర్లో ఉంటే నక్కకీ అదే, ఒక్క గడితో రెండు పనులు.

పెద్దాయనకి ప్రింటు తీసి చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఓపిగ్గా పద్నాలుగు కాలమ్సూ చదివి, "ఇందులో చెకుముకి రాళ్ళ కాలమ్ ఏది?" అన్నారు.

ఆ మాట ఎందుకన్నారో చెప్పాలంటే అంతకు ముందు, 2023 అక్టోబరులో ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి. నేను ఎవరికీ చెప్పని విషయం, మా ఆవిడకి కూడా చాన్నాళ్ళు చెప్పలేదు.

సుద్దనేలలో చెకుముకి రాళ్ళు ఎక్కువ. దున్నిన చాళ్ళలో తెల్లగా, నల్లగా పైకి తేలి ఉంటాయి. ఆరోజు ఆయన .22 నా చేతిలో ఉంది. చేను అంచున కుందేలు, అరవై గజాలు. నేల చదునుగా ఉంది. దాని వెనక ఏముందని చూశానా అంటే చూశాను, కంచె చెట్లు కనపడ్డాయి, సరే అనుకున్నాను. కాల్చాను. తప్పింది. తప్పినప్పుడు మట్టిలో 'థప్' మని వినపడాలి. అలా కాకుండా 'కుయ్య్' మని ఒక సాగదీసిన చప్పుడు వచ్చింది, కంచె మీదుగా అవతలికి వెళ్ళిపోయింది. .22 తూటా మెత్తటి సీసం, మెల్లగా వెళ్తుంది. రాయికి ఏటవాలుగా తగిలితే ముక్కలవదు, దారి మార్చుకుని లేస్తుంది. మైలు దాటి వెళ్ళగలదని తూటాల పెట్టె మీదే రాసుంటుంది.

కంచె అవతల గుర్రాల బాట ఉంది. రెండు నిమిషాల తర్వాత చెట్ల సందులోంచి గుర్రం మీద ఒక అమ్మాయి బయటికొచ్చింది. పన్నెండు పదమూడేళ్ళుంటాయి. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. పెద్దాయన చెయ్యి ఊపారు. నా చెయ్యి లేవలేదు.

ఆయన తిట్టలేదు. రైఫిలు తీసుకుని, తూటాలు తీసేసి, నన్ను కుందేలు కూర్చున్న చోటుకి నడిపించుకెళ్ళారు. అక్కడ వొంగుని, నేను కాల్చిన వైపు నుంచి చూస్తే ఏం కనపడుతుందో చూడమన్నారు. కంచె చెట్లలో అరచేతంత సందులు, అవతల బాట. "చెట్లు మట్టి కాదు" అన్నారంతే. మళ్ళీ నెల దాకా నా చేతికి రైఫిలు ఇవ్వలేదు, నేను అడగలేదు కూడా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుర్తొచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే కాదు. నేను బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా మా ఊళ్ళో (ఖమ్మం పక్కన) అడవిపందుల కోసం ఒకాయన మొక్కజొన్న చేను చుట్టూ కరెంటు తీగ లాగాడు. పందులు ఒక్క రాత్రిలో అరెకరం దున్నేసి పోతాయి, ఆ బాధ పడ్డవాళ్ళకే తెలుసు. తీగకి పందికీ మనిషికీ తేడా తెలీదు కదా. తెల్లారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మా బాబాయి (నాన్నకి వరసకి తమ్ముడు) ఆ తీగ మీద కాలు వేశాడు. తీగ పెట్టినాయన చెడ్డవాడు కాదు. బాబాయికి స్నేహితుడే. పాడె మోసినవాళ్ళలో ఉన్నాడు, మర్నాడు పోలీసులు తీసుకెళ్ళారు.

అందుకని, నేను .17 వైపు మొగ్గడానికి ఎక్సెల్ షీటు ఒక సాకు మాత్రమే. అసలు కారణం ఆ 'కుయ్య్' అన్న చప్పుడు. .17 తూటా పల్చటి తొడుగుతో, ముందు ప్లాస్టిక్ ముక్కుతో వస్తుంది. ఆ వేగంలో దేనికి తగిలినా అక్కడికక్కడే పొడైపోతుంది. ఎగిరిపోవడం చాలా తక్కువ. రాళ్ళ కాలమ్ లేదన్నారు కదా, ఉంటే .17 కే మార్కులు పడతాయి కదా అని పెద్దాయనతో వాదించాను.

ఆయన ఒప్పుకున్నారు. నిజంగానే ఒప్పుకున్నారు. తర్వాత గుర్రాల వైపు చెయ్యి చూపించారు. .17 శబ్దం కన్నా వేగంగా వెళ్తుంది కాబట్టి మోడరేటరు బిగించినా గాల్లో కొరడా విదిలించినట్టు చప్పుడొస్తుంది. తూటా బయల్దేరిన చప్పుడుని మోడరేటరు మింగుతుంది గానీ, గాలిని చీల్చే చప్పుడుని ఏదీ మింగలేదు. పక్కనే లక్షల పౌండ్ల గుర్రాలు, వాటి మీద పిల్లలు. సబ్ సోనిక్ .22 కి మోడరేటరు పెడితే పుస్తకం మూసినంత చప్పుడు. పక్క కుందేలు కూడా తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడుతుంది. పైగా, "పొడైపోతుందిలే అన్న ధైర్యంతో వెనక చూడకుండా కాల్చేవాడు, ఆ తూటా రాయికి తగలకుండా నేరుగా వెళ్తే ఏం చేస్తాడు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఈ విషయంలో ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళకి మూడే కాళ్ళు. తుపాకుల షాపులో ఒకతను .17 తప్ప వేరేది పనికిరాదన్నాడు, అదే కౌంటరు దగ్గర ఇంకొకతను .17 తూటాలు రెట్టింపు పైన ధర, కుందేలు భుజానికి తగిలితే కూరకేం మిగలదన్నాడు. ఇద్దరి మాటా నిజమే. మాగ్నమ్ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నా అభిప్రాయం అడిగితే, చప్పుడులో .17 తో సమానం, రాళ్ళ మీద .22 తో సమానం, రెండిటి అవలక్షణాలూ ఉన్న సంబంధం అది.

చివరికి .22 కే దరఖాస్తు పెట్టాను. మొదటి రైఫిలు కొనేవాళ్ళు ఎవరడిగినా అదే చెప్తాను. రాళ్ళ భయం వదిలించుకోవడానికి తుపాకీ మార్చలేదు, కాల్చే చోట్లు మార్చుకున్నాను. మూడొందల ఎకరాల్లో నేను కాల్చే చోట్లు ఇప్పుడు ఏడే. అన్నీ గుట్ట మీద నుంచి కిందకో, లేదా కుందేలు వెనక నిలువెత్తు పచ్చిక గట్టు ఉండేలాగో. అరవై గజాలు దాటితే వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళదు. చాలా సాయంత్రాలు ఒట్టి చేతులతో తిరిగొస్తాను.

ఎంక్వయిరీ ఆఫీసరు అడిగిన ప్రశ్నల్లో ఒకటి మాత్రం నాకు గుర్తుండిపోయింది. "నూట ఇరవై గజాల్లో నక్క కనపడింది, చేతిలో .22 ఉంది. ఏం చేస్తావు?" "చూస్తాను" అన్నాను. రాసుకున్నాడు.

ఇక రైఫిలు సంగతి. కొత్త మోడళ్ళలో సీజెడ్ 457, టిక్కా టీవన్ఎక్స్ బాగుంటాయి, కొనగలిగితే కళ్ళు మూసుకుని కొనండి. నేను సెకండ్ హ్యాండ్ లో సీజెడ్ 452 తీసుకున్నాను, పొట్టి బ్యారెల్ ది, చివర మోడరేటరుకి మర ఉన్నది. బోల్టు యాక్షన్ చాలు. ఇక్కడ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళని 1988 లో, హంగర్ ఫోర్డ్ కాల్పుల తర్వాత నిషేధించారు గానీ .22 రిమ్ ఫైర్ ని మినహాయించారు. కాబట్టి అదీ దొరుకుతుంది. కానీ మొదటిది తప్పితే రెండోది ఉందిలే అనే అలవాటు కొత్తవాడికి మంచిది కాదు. షాపులో చూడాల్సింది బ్రాండు కన్నా కొలత. మన సైజు మనుషులకి (నేను అయిదడుగుల అయిదంగుళాలు) చాలా స్టాకులు పొడుగు. కళ్ళు మూసుకుని భుజానికి ఆనించి, కళ్ళు తెరవగానే స్కోప్ లో బొమ్మ నిండుగా కనపడాలి. మెడ సాచాల్సి వస్తే ఆ రైఫిలు మీది కాదు.

స్కోప్ విషయంలో నేను ఒక తప్పు చేశాను. ఆఫర్ లో వచ్చిందని సెంటర్ ఫైర్ కి తయారుచేసినది కొన్నాను. దాని పారలాక్స్ వంద గజాలకి సరిచేసి ఉంటుంది. నలభై గజాల్లో కన్ను కొంచెం పక్కకి జరిగితే గుర్తు కూడా జరుగుతుంది. రెండు వారాలు నా చేతులు వణుకుతున్నాయనుకుని యూట్యూబ్ లో ప్రాణాయామం చూశాను. తర్వాత తెలిసింది, రిమ్ ఫైర్ కైతే యాభై గజాలకి సరిచేసినది గానీ, తిప్పుకునే వీలున్నది గానీ తీసుకోవాలని. ఇంకోటి, ఒక్కో బ్యారెల్ కి ఒక్కో రకం తూటా పడుతుంది. ఎందుకని అడక్కండి. నాలుగు రకాల సబ్ సోనిక్ పెట్టెలు కొని, కాగితం మీద యాభై గజాల్లో అయిదేసి కాల్చి చూశాను. ఖరీదైనది చెల్లాచెదురుగా వెళ్ళింది, ఈలీ వాళ్ళది అయిదూ ఒక్క రూపాయి బిళ్ళ కిందకి వచ్చాయి. దానితోనే కాపురం.

వంట గురించి అడిగేవాళ్ళుంటారు. నాటుకోడిలాగే, కాకపోతే ఇంకాస్త సేపు ఉడకాలి. కాలేయం మీద తెల్లటి చుక్కలుంటే పారెయ్యండి. మా ఆవిడ షరతు ఒక్కటే, చెవులు కనపడకుండా ఇంటికి తేవాలి.

2025 మార్చిలో, గొర్రెలు ఈనే రోజుల్లో, నేను ఆఫీసరుకి చెప్పిన మాట నిలబెట్టుకోవాల్సి వచ్చింది. రాత్రి పదకొండు. థర్మల్ లో చూస్తుంటే గట్టు దిగువన నక్క. తొంభై గజాలు. గాలి లేదు. రైఫిలు ట్రైపాడ్ మీద ఉంది, నక్క వెనక మట్టి గట్టే, గొర్రెలు పక్కకి ఉన్నాయి. అన్నీ కుదిరాయి, తూటా తప్ప. తొంభై గజాల్లో .22 నక్కకి తగులుతుంది, కానీ చస్తుందని నమ్మకం లేదు. గాయంతో బొరియలోకి వెళ్ళి నాలుగు రోజులు కుళ్ళి చస్తుంది. అది కాసేపు కూర్చుంది, నా వైపు చూసింది, లేచి చీకట్లోకి వెళ్ళింది. పొద్దున్న రెండు రోజుల గొర్రెపిల్ల ఒకటి తక్కువయ్యింది. తోకా, ఒక కాలూ దొరికాయి.

.17 కొని ఉంటే ఆ పిల్ల బతికేదేమో. నిజాయితీగా చెప్పాలంటే, బతికేదే. కదలకుండా కూర్చున్న నక్క, తొంభై గజాలు, గాలి లేని రాత్రి.. దానికి .17 చాలు. పెద్దాయనతో ఆ మాట అన్నాను. ఆయన గొర్రెపిల్ల కాలుని గోనెసంచిలో వేస్తూ, పక్క పొలం అతనికి ఫోన్ చెయ్యమన్నారు. అతని దగ్గర .223 సెంటర్ ఫైర్ ఉంది. రెండో రాత్రి నూట నలభై గజాల్లో ఒక్క దెబ్బకి పడగొట్టాడు. నేను లైటు పట్టుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే పాలిచ్చే తల్లి కాదు, మగది. నాకు కొంచెం ఊపిరి ఆడింది, ఎందుకో మీకే తెలుసు.

ఆ వారం నాన్నకి ఇదంతా చెప్పాను. బీరువా రోజు తర్వాత ఆయన తుపాకీ మాట ఎత్తడం అదే మొదటిసారి. శ్రద్ధగా విన్నారు. చివర్లో, "మీ ఆ చిన్న తుపాకీ పందికి సరిపోతుందా?" అని అడిగారు.

"సరిపోదు నాన్నా. దానికి దెబ్బ మాత్రం తగులుతుంది, పడదు. దెబ్బ తిన్న పంది ఇంకా ప్రమాదం. అయినా అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ కుదరదు."

"ఊఁ" అన్నారు. కాసేపాగి, "పైచేనుకి మళ్ళీ ఎవరో తీగ లాగారంట. నేను పగలే నీళ్ళు కట్టుకుంటున్నాలే" అని, ఫోను అమ్మకి ఇచ్చారు.